మనుషులు నిలవడం లేదు, మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పడం లేదు: మేనేజర్‌గా నేనేం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కర్నూలు దగ్గర అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్‌కు ఆరు నెలల క్రితం మేనేజర్‌గా వచ్చారు. అరవై మంది దాకా పనిచేస్తున్నారు, అందులో సగం ఆడవాళ్లు. జీతాలు చుట్టుపక్కల యూనిట్ల కంటే తక్కువేం కాదు. అయినా నెలనెలా ఇద్దరో ముగ్గురో మానేస్తున్నారు. మీటింగ్ పెడితే అందరూ తల వంచుకుని కూర్చుంటున్నారు. పుట్టినరోజులకు కేకు కోయించారు, ఒక ఆదివారం అందరినీ బెలూం గుహలకు తీసుకెళ్లారు, గోడకు సలహాల పెట్టె తగిలించారు. ఏమీ మారలేదు. ఇంకేం చేయాలని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వాళ్లు ఇప్పటికే చెప్పిన ఒక చిన్న ఇబ్బందిని పట్టుకోండి. వారంలోపు దాన్ని తీర్చండి. తీర్చలేకపోతే ఎందుకు కుదరదో, చెప్పిన మనిషి దగ్గరికి మీరే నడిచి వెళ్లి చెప్పండి. ఇలా ఆరు నెలల పాటు ఆపకుండా చేయండి. మిగతావన్నీ దీని తర్వాతే. నేను తాడిపత్రి నాపరాళ్ల యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా మొదలుపెట్టి, ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు కడప, అనంతపురం జిల్లాల్లో మీలాంటి చిన్న యూనిట్లకు సలహాలిస్తున్నాను. ఎక్కడికి పోయినా మనుషులు మనసు పెట్టి పనిచేసేచోట ఈ ఒక్కటి ఉంది, చేయనిచోట ఇది లేదు.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది తాడిపత్రిలోనే. నేను చేరిన కొత్తల్లో కటింగ్ మిషన్ దగ్గర బండల మూలలు తెగ విరిగిపోతుండేవి. మూల విరిగిన బండను చిన్న సైజుకు కోసి తక్కువ రేటుకు అమ్ముకోవాల్సిందే. రాయి నాసిరకమని ఓనరు గని వాళ్లను తిట్టేవాడు. జాగ్రత్త లేదని నేను పనివాళ్లను కసిరేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్లేడు ఆగింది, దాని మీద పడే నీళ్లు ఆగాయి, ఆ చప్పుడులో ఎప్పుడూ వినపడని మాట ఒకటి వినపడింది. ఆ మిషన్ మీద ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ పక్కనున్న పిల్లోడితో అంటున్నాడు, "పట్టా కాడ గుంత బడింది కదప్పా, బండ ఎగిరి పడకుండా యాడుంటాది."

దగ్గరికి పోయి ఏంటని అడిగాను. ఆయన లేచి, బూడిదరంగు బురద అంటిన అరచేతిని, బండను మోసే ట్రాలీ నడిచే పట్టా మీద పెట్టి మెల్లగా ముందుకు జరిపాడు. ఒకచోట ఆగి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. పట్టా అతుకు దగ్గర గోరంత లోతు పల్లం. కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది. ట్రాలీ చక్రం అక్కడ దిగి లేచినప్పుడల్లా బండ కుదుపు తింటోంది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?"

"రెండేండ్లయింది సార్."

"మరి చెప్పలేదేం?"

"చెప్పినా. మీకంటే ముందున్న సారుకు చెప్పినా. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. చూసుకుంటాండా."

మర్నాడే వెల్డింగ్ వాణ్ణి పిలిపించాను. సగం పూట పని. మూలలు విరగడం బాగా తగ్గింది. ఓనరు నన్ను ఆఫీసులోకి పిలిచి మెచ్చుకున్నాడు. నేను తలూపి ఊరుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

కొన్ని నెలలకు పాలిష్ మిషన్ బేరింగ్ పట్టేసి రెండు రోజులు పని ఆగిపోయింది. వారం ముందు నుంచే చప్పుడు తేడాగా ఉందని అక్కడివాళ్లందరికీ తెలుసట. పెద్దాయన్ని అడిగాను, నాకొక మాట చెప్పుండొచ్చు కదా అని. ఆయన కోపంగా కూడా అనలేదు. "పట్టా సంగతి మీరే కనిపెట్టినారంట కదా సార్. ఇది కూడా మీరే కనిపెడతారు అనుకున్నా."

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఓనరును తీసుకొచ్చి, అందరూ ఉండగా, పట్టా గుంత కనిపెట్టింది ఈయన, నేను కాదు అని చెప్పాను. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత ఆయనే వచ్చి బురద నీళ్ల కాలవ వాటం సరిగా లేదని చెప్పాడు. ఆ తర్వాత ఇంకొకరు. అలా మొదలైంది.

మీ మీటింగ్‌లో మౌనం ఎందుకుందో ఇప్పుడు ఊహించుకోండి. మీ వాళ్లకు చెప్పడానికి ఏమీ లేక కాదు. మీకంటే ముందున్నవాళ్లకు చెప్పి చూశారు. మీరు వచ్చి ఆరు నెలలే, వాళ్ల అనుభవం ఆరేళ్లది. ఆ బాకీ మీరు చేసింది కాకపోయినా తీర్చాల్సింది మీరే.

దీని మీద బయట జరిగిన పరిశోధన కూడా కొంత చెప్తాను, ఎందుకంటే ఇది ఒక్క తాడిపత్రి అనుభవం కాదని మీకు తెలియాలి. ఇప్పుడు అందరూ ఎంగేజ్‌మెంట్, అంటే పనిలో మనసు పెట్టడం, అంటున్న మాటను పని విషయంలో మొదట వివరంగా రాసింది అమెరికాలో విలియం కాన్ అనే ప్రొఫెసర్, 1990లో. పిల్లల వేసవి శిబిరంలో పనిచేసేవాళ్లనూ, ఒక ఆర్కిటెక్చర్ కంపెనీ వాళ్లనూ దగ్గరుండి గమనించి రాశాడు. మనిషి పనిలో మనసు పెట్టే ముందు లోలోపల మూడు ప్రశ్నలు వేసుకుంటాడని ఆయన తేల్చాడు. నేను మనసు పెడితే దానికి విలువ ఉంటుందా? పెడితే నాకేమైనా ముప్పు వస్తుందా? పెట్టేంత ఓపిక నాలో మిగిలి ఉందా? పట్టా దగ్గర పెద్దాయన మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు చూసుకునే నోరు మూసుకున్నాడు.

ఎమీ ఎడ్మండ్సన్ అనే అమెరికా పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేసింది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే, అక్కడ పొరపాట్లను భయం లేకుండా బయటికి చెప్తున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. కాబట్టి మీరు వినడం మొదలుపెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో ఫిర్యాదులు పెరుగుతాయి. పరిస్థితి చెడిందని కంగారు పడకండి, మీ ఓనరుకు కూడా ముందే చెప్పి పెట్టుకోండి.

సలహాల పెట్టె తీసేయండి. అరవై మంది ఉన్నచోట ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు. రాయడం రానివాళ్లు ఎలాగూ రాయరు. పేరు రాయకుండా సర్వే చేస్తామన్నా నమ్మరు. దానికి బదులు రోజూ ఒక పావుగంట, షిఫ్టు మొదలైన గంట తర్వాత, ఒక్కో మిషన్ దగ్గరికి మీరే వెళ్లండి. "ఏమైనా సమస్యలున్నాయా?" అని అడిగితే "ఏం లేదు సార్" అనే జవాబే వస్తుంది. పని గురించి అడగండి. "నిన్న ఈ మిషన్ ఎన్నిసార్లు ఆపాల్సొచ్చింది?", "ఈ పనిలో మీకు చిరాకు తెప్పించేది ఏది?" అని అడిగితే చెప్తారు. ఒక చిన్న నోటుబుక్కులో వాళ్ల ముందే రాసుకోండి. పేరు, చెప్పిన మాట, తేదీ. పక్కన ఖాళీ వదలండి. ఆ ఖాళీలో, ఏమైందో ఆ మనిషికి మీరు తిరిగి చెప్పిన తేదీ రాయాలి. నా దగ్గర ఇలాంటి పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి.

అడిగినవన్నీ చేయాలని కాదు. ఒక యూనిట్‌లో ఫ్యాన్లు అడిగారు, షెడ్డు రేకులకు వాటర్ స్ప్రింక్లర్ అడిగారు. ఫ్యాన్లు వారంలో వచ్చాయి, స్ప్రింక్లర్‌కు బోరులో నీళ్లు చాలవు. మేనేజర్ వాళ్లను బోరు దగ్గరికే తీసుకెళ్లి మోటారు ఎంతసేపటికి నీళ్లు వదిలేస్తుందో చూపించాడు. ఒక్కరు కూడా నొచ్చుకోలేదు. మనం కాదన్నందుకు కంటే, చూద్దాం చూద్దాం అని నాన్చినందుకు మనవాళ్లు ఎక్కువ బాధపడతారు.

ఇక ఆడవాళ్ల సంగతి. మీ దగ్గర ముప్పై మంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. అనంతపురం జిల్లాలో ఒక యూనిట్‌కు వెళ్లినప్పుడు ఎండాకాలంలో ఆడవాళ్లు తరచూ కళ్లు తిరిగి పడిపోతున్నారని, సెలవులు పెడుతున్నారని చెప్పారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెప్పించారు, మజ్జిగ పోయించారు. ఉపయోగం లేదు. అక్కడ అందరూ అక్కా అని పిలిచే పెద్దావిడ ఒకామె ఉంది. నేను ఆమెతో నేరుగా మాట్లాడకుండా, లెక్కలు రాసే అమ్మాయిని పక్కన కూర్చుని మాట్లాడమన్నాను. తెలిసిందేమిటంటే, బాత్రూం తలుపుకు లోపలి గడియ లేదు. ఇద్దరు కలిసి వెళ్లి ఒకరు బయట కాపలా ఉండాలి. సూపర్‌వైజరు, ఇద్దరూ ఎక్కడికి పోయారని అరుస్తాడు. అందుకని పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేశారు. ఒక్క గడియ. మేనేజర్ మంచివాడే, మజ్జిగకు డబ్బు పెట్టాడు, కానీ ఆ తలుపు దగ్గరికి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్లే వీలూ లేదు. మీ దగ్గర ఆడవాళ్ల మాట వినడానికి వాళ్లు నమ్మే ఒక మహిళ ఉండాలి. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది, దానికి అధ్యక్షత వహించాల్సింది మహిళే. అది కాగితం మీద ఉంటే చాలదు. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ ముప్పై మందిలో ప్రతి ఒక్కరికీ పేరుతో సహా తెలియాలి.

సెలవుల గురించి మీరు అడగలేదు గానీ, మన ప్రాంతంలో ఇది వదిలేస్తే మిగతా చెప్పింది నిలవదు. మీ దగ్గర చాలామందికి ఊళ్లో ఎకరమో రెండెకరాలో భూమి ఉంటుంది. జూన్, జూలైల్లో వాన పడిందంటే పదును ఆరకముందే వేరుశనగ విత్తుకోవాలి. ఆ రెండు మూడు రోజులు దాటిపోతే ఆ ఏడాది పోయినట్టే. వాన ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, కాబట్టి ముందుగా సెలవు అడగడం కుదరదు. అడిగితే ఇవ్వరని తెలుసు. అందుకే ఆ నెలల్లో అందరి ఇళ్లలోనూ అవ్వలు, తాతలు చనిపోతుంటారు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు నాకు అప్పగించిన సెక్షన్‌లో నేను ఎవరికి ఎంత భూమి ఉందో, ఏ ఊళ్లోనో రాసుకున్నాను. వాన పడిన రోజు ఆ ఊరివాళ్లు పొద్దున్నే ఫోన్ చేస్తే చాలు, రెండు రోజులు సెలవు. మిగతా ఊళ్లవాళ్లు వాళ్ల పని సర్దుతారు, తమ వంతు వచ్చినప్పుడు వీళ్లు సర్దుతారు. ఎవరు ఎవరి స్థానంలో రావాలో వాళ్లే తేల్చుకున్నారు. ఆ ఏడాది అబద్ధపు చావులు ఆగిపోయాయి. అబద్ధం చెప్పి సెలవు పెట్టినవాడు తిరిగొచ్చాక వారం రోజులు మన కళ్లలోకి చూడడు. నిజం చెప్పి వెళ్లినవాడు విత్తనం పడిందని సంతోషంగా చెప్తూ వస్తాడు. కాన్ చెప్పిన మూడో ప్రశ్న, ఓపిక మిగిలి ఉందా అన్నది, మన దగ్గర ఇలా కనిపిస్తుంది. కర్నూలులో మీ వాళ్లది పత్తో శనగో కావచ్చు, ఒకసారి కనుక్కోండి.

కొన్ని షరతులు కూడా చెప్పాలి.

జీతం తేదీ తప్పుతుంటే నేను చెప్పిన ఏదీ పనిచేయదు. జీతం బాగానే ఉందన్నారు, ఎన్నో తారీఖున పడుతుందో చెప్పలేదు. చట్ట ప్రకారం ఏడో తారీఖులోపు పడాలి. ఓవర్‌టైంకు మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. అర్హత ఉన్నవాళ్లకు బోనస్ కనీసం 8.33 శాతం. పీఎఫ్ కోసి కట్టకపోవడం లాంటివి ఉంటే ముందు అవి సరిచేయించండి. 1959లో హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. జీతం, పని పరిస్థితులు బాగుండకపోతే మనిషికి అసంతృప్తి వస్తుంది. కానీ అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు, దానికి గుర్తింపు, బాధ్యత లాంటివి వేరే కావాలి. జీతం తక్కువ కాదు, అయినా నిలవడం లేదన్న మీ మాటకు జవాబు ఇందులో ఉంది.

రెండోది మీ సూపర్‌వైజర్లు. టీముకూ టీముకూ మధ్య ఎంగేజ్‌మెంట్‌లో కనిపించే తేడాలో కనీసం 70 శాతం ఆ టీమును నడిపే మనిషి వల్లేనని, సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ చెప్తుంది. అంకె సంగతి ఎలా ఉన్నా, నేను చూసినచోటల్లా మానేసినవాళ్లు కంపెనీని కాదు, ఒక మనిషిని భరించలేక మానేశారు. మీ దగ్గర గత ఏడాది మానేసిన వాళ్ల పేర్లు రాసి, ఎవరి కింద పనిచేశారో పక్కన రాయండి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే మీకు పని దొరికినట్టే. నేను చేసినచోట ఒక ఫోర్‌మన్ ఉండేవాడు, మిషన్ చప్పుడు విని రోగం చెప్పేవాడు, కానీ నోరు తెరిస్తే బూతులు. ఆయన లేకపోతే ప్లాంటు ఆగిపోతుందని అందరూ భయపడ్డారు. చివరికి జీతం తగ్గించకుండా మనుషుల్ని చూసే బాధ్యత తీసేసి మెయింటెనెన్స్‌కు మాత్రమే పెట్టాం. ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నాడు, మనుషుల్ని నడపడం ఆయనకూ ఇష్టం లేని పనే. అందరి విషయంలో ఇంత తేలిగ్గా తేలదు. ఒకరిద్దరిని పంపించేయాల్సి కూడా వచ్చింది.

మూడోది, పర్మనెంట్ వాళ్లకూ కాంట్రాక్ట్ వాళ్లకూ మధ్య తేడా. మే నెలలో మా వైపు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకచోట పర్మనెంట్ వాళ్లకు కూలర్ నీళ్లు, కాంట్రాక్ట్ వాళ్లకు ఎండలో డ్రమ్ము. కాంట్రాక్ట్ వాళ్లకు ఇలాంటి సదుపాయాలు అందేలా చూడాల్సిన బాధ్యత చివరికి అసలు యజమానిదే. చట్టం పక్కన పెట్టినా, ఒకే షెడ్డులో రెండు రకాల నీళ్లు పెట్టి మనమంతా ఒక కుటుంబం అని బోర్డు రాయించకూడదు. మీ దగ్గర అలా ఉంటే ఈ వారమే మార్చండి.

కేకుల గురించి. మానేయమని నేను అనను, కానీ మనకు కేకు కంటే దగ్గరైనది ఒకటి ఉంది, ఆయుధ పూజ. చాలా యూనిట్లలో ఓనరు ఆఫీసులో పూజ చేసి, షెడ్డులో ఒక్క గుమ్మడికాయ కొట్టించి వెళ్లిపోతాడు. నేను వెళ్లిన ఒక చోట దాన్ని మార్చాం. ఎవరి మిషన్‌కు వాళ్లే కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలు కట్టి, టెంకాయ కొట్టాలి. ఓనరు ఒక్కో మిషన్ దగ్గరికి వచ్చి, ఆపరేటరు చేతి మీదుగా ప్రసాదం తీసుకోవాలి. ముస్లిం కార్మికులు తమ మిషన్‌ను తుడిచి పూలు పెట్టారు, పెట్టమని ఎవరూ అడగలేదు, వద్దనుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. బొరుగులు, పుట్నాలు, బెల్లం, అంతే ఖర్చు. ఆ రోజు పిల్లల్ని తీసుకొచ్చి "ఇదే మా మిషన్" అని చూపించారు. ఈ దసరాకు మీరూ చేసి చూడండి. కానీ గడియ లేని తలుపును అలాగే వదిలి ఇది ఒక్కటీ చేస్తే లాభం లేదు.

ఎంత కాలం పడుతుంది? మొదటి నెల మిమ్మల్ని పరీక్షిస్తారు. చిన్న విషయాలే చెప్తారు, నీళ్ల క్యాను, చీపురు, ట్యూబులైటు. వాటిని చిన్నవని తీసేయకండి. మూడో నెలకు పని గురించి చెప్తారు. సూపర్‌వైజర్ల గురించి చెప్పాలంటే ఐదారు నెలలు పడుతుంది. మధ్యలో మీరు ఒక్కసారి చెప్పినవాడి పేరు బయటపెట్టి ఇరికించారంటే మళ్లీ మొదటికొస్తుంది, రెండోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

మార్పు వస్తోందో లేదో చూడటానికి నేను సర్వేలు నమ్ముకోను. రెండు మూడు గుర్తులు చూస్తాను. చెడు వార్త మీకు ఎవరి ద్వారా తెలుస్తోంది, ఆ మిషన్ మీద మనిషి చెప్తున్నాడా, లేక నష్టం జరిగాక మీరే కనుక్కుంటున్నారా. సెలవు ముందు చెప్పి పెడుతున్నారా, పెట్టాక చెప్తున్నారా. అన్నిటికంటే నేను నమ్మేది, మీ దగ్గర పనిచేసేవాడు వచ్చి "మా బామ్మర్ది ఖాళీగా ఉన్నాడు సార్, ఏమైనా పనుందా" అని అడగడం. నచ్చని చోటికి ఎవరూ సొంతవాళ్లను తీసుకురారు. ఇప్పటిదాకా మీ దగ్గర అలా ఎవరైనా అడిగారా?

రేపటి నుంచి రెండు వారాలు ఆ నోటుబుక్కు పని మొదలుపెట్టండి. మొదట పేస్టింగ్, స్టిచింగ్ దగ్గర ఉన్న ఆడవాళ్లతో మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం, వాళ్ల మాట ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు. వాళ్లేం చెప్పారో, మీరు ఏది తీర్చగలిగారో, ఏది కాలేదో ఇక్కడే రాయండి. చూసి మళ్లీ జవాబిస్తాను.